‘గుర్తుతెలియని వాహనం’ ఒకరికి మాత్రం తెలుసు

సంపాదకునికి,

అయ్యా,

‘గుర్తుతెలియని వాహనం ఢీకొని వ్యక్తి మృతి.’ విశాఖ పేజీలో ఈ శీర్షిక తరచూ చూస్తుంటాం. ఒకసారి కొమ్మాది, ఒకసారి షీలానగర్, ఒకసారి కూర్మన్నపాలెం. చోటు మారుతుంది గాని కింది నాలుగు లైన్లు మారవు: మృతుడి వయసు, సొంతూరు, మృతదేహాన్ని కేజీహెచ్ మార్చురీకి తరలించారు, కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు. ఆ వాహనం పోలీసులకు తెలియదు, చనిపోయినవాడి ఇంట్లోవాళ్ళకు తెలియదు. నడిపినవాడికి మాత్రం నంబరుతో సహా తెలుసు. మర్నాడు పొద్దున్నే ఆ నాలుగు లైన్లను అందరికంటే ముందు వెతుక్కుని చదివేది అతనే.

మేము మోటారు ప్రమాదాల కేసుల్లో రెండు పక్షాల తరఫునా వాదించే న్యాయవాదులం. ఈ ఉత్తరం ముఖ్యంగా ఆ మనిషి చదవాలని రాస్తున్నాం.

అతను సాధారణంగా రౌడీ కాదు. అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శో, గుడి కమిటీలో సభ్యుడో, బంధువుల్లో తగవు వస్తే తీర్చే పెద్దమనిషో అయివుంటాడు. ఆ రాత్రి బ్రేకు మీద వేయాల్సిన కాలు యాక్సిలరేటర్ మీద వేశాడు. ఆ నిమిషంలో అతన్ని నడిపించింది భయం. జనం కొడతారన్న భయాన్ని చట్టం కూడా ఒప్పుకుంటుంది. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ గాయపడినవాడికి వైద్యం అందేలా చూడడం డ్రైవర్ బాధ్యత అంటూనే, జనాగ్రహం వల్లనో తన చేతిలో లేని మరో కారణం వల్లనో అది వీలుకాకపోతే మినహాయింపు ఇచ్చింది. అక్కడ ఆగలేకపోతే దగ్గర్లోని స్టేషన్‌కు పోయి చెప్పు, ఎంత ఆలస్యమైనా ఇరవైనాలుగు గంటల్లోపు చెప్పు అంటుంది. అంటే మొదటి రాత్రి భయానికి చట్టంలో చోటుంది. రెండో రోజు నుంచి భయం స్థానంలోకి పరువు వస్తుంది. పిల్ల పెళ్ళి, ప్రమోషన్, నలుగురిలో మాట. దానికి చట్టంలో చోటు లేదు.

పరువు కోసం మౌనంగా ఉంటే ఆ ఖరీదు తానే మోస్తున్నానని అతను అనుకుంటాడు. నిద్ర పట్టదు, అన్నం సయించదు, ఆ రోడ్డు మీదుగా బండి పోనివ్వలేడు. అదంతా నిజమే. కాని అసలు ఖరీదు కడుతున్నది అవతలి కుటుంబం. అది ఎంతో లెక్కవేసి చూపిస్తాం.

చనిపోయినతను ముప్ఫై ఏళ్ళ తాపీ మేస్త్రీ అనుకుందాం. నెలకు 15,000 సంపాదన. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అతని మీద ఆధారపడినవాళ్ళు. బండి ఏదో తెలిసి, దానికి బీమా ఉంటే, మోటారు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్ లెక్క ఇలా నడుస్తుంది. సొంతంగా పనిచేసుకునేవాడు, నలభై లోపు వయసు గనక భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 40 శాతం కలుపుతారు: 21,000. ఆధారపడినవాళ్ళు నలుగురు కాబట్టి అతని సొంత ఖర్చుల కింద నాలుగో వంతు తీసేస్తారు: 15,750. ఏడాదికి 1,89,000. ఆ ఏడాది మొత్తాన్ని వయసును బట్టి ఒక గుణకంతో హెచ్చవేస్తారు, ఆ వయసుకు అది 17. మొత్తం 32,13,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు, భర్తను పోగొట్టుకున్నందుకు భార్యకు ఇచ్చేది వగైరా దీనికి అదనం. సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులోనూ, 2017లో ప్రణయ్ సేథీ కేసులోనూ ఖాయం చేసిన పద్ధతి ఇది. ఆదాయం రుజువు చేయడంలో తేడా వస్తే అంకె తగ్గొచ్చు గాని లెక్క తీరు ఇదే.

బండి ఏదో తెలియకపోతే అదే కుటుంబానికి వచ్చేది 2 లక్షలు. హిట్ అండ్ రన్ బాధితుల పరిహార పథకం కింద 2022 ఏప్రిల్ 1 నుంచి మరణానికి 2 లక్షలు, తీవ్రగాయానికి 50 వేలు ఇస్తున్నారు. అంతకుముందు మరణానికి ఇచ్చింది 25 వేలే.

ముప్ఫైరెండు లక్షలకూ రెండు లక్షలకూ మధ్య తేడా ఒక మనిషి నోరు విప్పకపోవడం. పైగా ఆ ముప్ఫై లక్షలు అతని జేబులోంచి పోయేవి కావు. థర్డ్ పార్టీ బీమాలో మరణానికి పరిమితి లేదు. లైసెన్సు, పాలసీ సరిగ్గా ఉంటే ట్రిబ్యునల్ వేసిన మొత్తాన్ని బీమా కంపెనీయే కడుతుంది. ఏటా ప్రీమియం కట్టింది ఇందుకే. తన ఆస్తి అంతా పోతుందని భయపడి దాక్కునేవాళ్ళలో చాలామందికి ఈ ముక్క తెలియదు. లైసెన్సు లేకుండా నడిపినా, తాగి నడిపినా మాత్రం కంపెనీ తప్పించుకోజూస్తుంది. అప్పుడు కూడా చాలా కేసుల్లో కోర్టులు ముందు కుటుంబానికి కట్టండి, తరువాత యజమాని దగ్గర వసూలు చేసుకోండి అంటున్నాయి.

ఇక శిక్ష సంగతి. 2024 జనవరిలో లారీ డ్రైవర్ల సమ్మె అప్పుడు చెప్పకుండా పారిపోతే ‘పదేళ్ళు’ జైలు అన్న మాట అందరి చెవిన పడింది. అది భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ రెండో ఉపసెక్షన్. సంహితను 2024 జూలై 1 నుంచి అమల్లోకి తెస్తూ కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌లోనే ఆ ఒక్క ఉపసెక్షన్‌ను పక్కన పెట్టారు. నిర్లక్ష్యం వల్ల మరణానికి వర్తించేది మొదటి ఉపసెక్షన్. గరిష్ఠం ఐదేళ్ళు, బెయిలబుల్. స్టేషన్‌లోనే జామీను మీద వదలొచ్చు. ప్రమాదం చెప్పకపోవడానికి మోటారు చట్టం 187వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు గాని, 5,000 జరిమానా గాని, రెండూ గాని విడిగా పడతాయి. తాగి, ఏమవుతుందో తెలిసి కూడా నడిపినట్టు తేలితే సంహిత 105వ సెక్షన్, అంటే హత్య కిందికి రాని నరహత్య కేసు, వేసే అవకాశముంది. దాని బరువు వేరు, దాన్ని తక్కువ చేసి చెప్పం. అలాగే జైలుకు పంపకుండా మంచి నడవడి షరతుతో ప్రొబేషన్ మీద వదిలేస్తారన్న ఆశ పెట్టుకోవద్దు. వాహనం నడిపి ప్రాణం తీసిన కేసుల్లో ఆ వెసులుబాటు ఇవ్వడం తగదని సుప్రీంకోర్టు 2000లో దల్బీర్ సింగ్ కేసులో గట్టిగానే చెప్పింది.

ఇంకో సంగతి, ఇది చాలామంది చదువుకున్నవాళ్ళకు కూడా తెలియదు. ‘బండి నడిపింది నేను’ అనడం వేరు, ‘తప్పు నాది’ అనడం వేరు. మనస్సాక్షికి ఆ రెండూ ఒక్కటే అనిపిస్తాయి. అందుకే రెండో మాట అనడానికి ధైర్యం చాలక మొదటి మాట కూడా మింగేస్తారు. చట్టం వాటిని విడదీస్తుంది. ఏ బండి, ఎవరు నడిపారు, ఎక్కడ, ఎన్నింటికి అనేది చెప్పి తీరాలి. కుటుంబానికి పరిహారం దారి తెరుచుకునేది ఆ మాటతోనే. తప్పు ఎంత, ఎవరిది అనేది కోర్టులో తేలేది. వెలుతురు లేదు, ఎదుటివాడు డివైడర్ దాటి వచ్చాడు లాంటివి చెప్పుకోవడానికి అక్కడ హక్కుంది. పోలీసు దగ్గర చేసిన నేరాంగీకారాన్ని అతని మీద సాక్ష్యంగా వాడడానికి వీల్లేదని సాక్ష్య అధినియమ్ 23వ సెక్షన్ అంటుంది. మెజిస్ట్రేట్ ఎదుట చెప్పదలచుకుంటే నాగరిక సురక్షా సంహిత (క్రిమినల్ కేసులు నడిపే తీరు చెప్పే చట్టం) 183వ సెక్షన్ ఉంది. అక్కడ ముందుగా చెప్పేది ‘మీరు చెప్పాల్సిన అవసరం లేదు, చెప్తే మీ మీదే సాక్ష్యం కావొచ్చు’ అన్న హెచ్చరిక. ఆలోచించుకోవడానికి మామూలుగా ఇరవైనాలుగు గంటలైనా ఇవ్వాలని 1957లోనే సుప్రీంకోర్టు అన్నది. మనసు ఆగక పరుగెత్తుకొచ్చినవాణ్ణి కూడా ఒక రాత్రి ఆగి రమ్మంటుంది చట్టం. చెప్పనని వెనక్కి తగ్గితే, ఆ కారణంగా అతన్ని పోలీసు కస్టడీకి పంపకూడదు. ఇంత జాగ్రత్త ఉన్నచోటికి రావడానికి అంత వణుకు అక్కర్లేదు.

అసలు ప్రమాదం రెండో వారంలో మొదలవుతుంది. పరువు కాపాడుకోవడానికి చేసే పనులు మొదటి తప్పు కంటే పెద్దవి అయిపోతాయి.

మొదటిది బంపర్ మార్చడం. గుద్దిన చోట రోడ్డు మీద మిగిలేవి హెడ్‌లైట్ ప్లాస్టిక్ పెచ్చులు. దర్యాప్తు అధికారి వాటిని ఏరి, కాగితం కవర్లో పెట్టి, మధ్యవర్తుల సంతకాలతో సీలు వేస్తాడు. ఒక పెచ్చు అంచు మరో పెచ్చు అంచుతో అతుక్కునే తీరు వేలిముద్ర లాంటిది, ఇంకోదానితో అతకదు. పెయింట్ రేణువును అడ్డంగా కోసి మైక్రోస్కోప్ కింద చూస్తే అడుగున ప్రైమర్, దానిమీద రంగు, పైన మెరుపు కోటు పొరలు పొరలుగా కనిపిస్తాయి. షెడ్డులో మళ్ళీ వేయించిన చోట పొరల సంఖ్యా మందమూ మారిపోతాయి. అంటే కొత్త పెయింటే సాక్ష్యం అవుతుంది. బండి కడిగించినా బానెట్ సందుల్లో, అండర్‌బాడీ బోల్టుల చుట్టూ మిగిలేవి మిగులుతాయి. సాక్ష్యం మాయం చేయడం న్యాయ సంహిత 238వ సెక్షన్ కింద విడి నేరం. అప్పటిదాకా అతని మీద ఉన్నది నిర్లక్ష్యం. ఇక్కడి నుంచి అది బుద్ధిపూర్వకం.

రెండోది మనిషిని మార్చడం. యజమాని నడిపితే డ్రైవర్‌ను, కొడుకు నడిపితే ఇంట్లో పనిచేసే కుర్రాణ్ణి లొంగిపొమ్మంటారు. ‘ఇంటి ఖర్చులు నేను చూసుకుంటాలే’ అన్న మాట మీద ఒక పేదవాడు ఆ నేరం తలకెత్తుకుంటాడు. ఇది నిలవదు. సెల్ టవర్ వివరాల్లో ఇద్దరి ఫోన్లూ ఎక్కడున్నాయో తేలుతుంది. టోల్‌గేట్ కెమెరాలో ముఖం పడుతుంది. డ్రైవర్ సీటు ఎంత వెనక్కి జరిపి ఉందో ఎత్తును పట్టిస్తుంది. అన్నిటికంటే చిన్నది సీటు బెల్టు. మన బండ్లలో డ్రైవర్ బెల్టు కుడి భుజం మీదుగా, పక్కసీటు బెల్టు ఎడమ భుజం మీదుగా దిగుతుంది. గట్టిగా గుద్దినప్పుడు ఒంటి మీద కమిలిన చార ఎటువైపు ఉందో డాక్టర్ ఒక్క చూపులో చెప్పేస్తాడు. అబద్ధం బయటపడ్డాక తప్పుడు సమాచారం ఇచ్చిన నేరమూ, నిందితుణ్ణి దాచిన నేరమూ కలుస్తాయి. డ్రైవర్, భార్య, బావమరిది, షెడ్డు మేస్త్రీ... తిలాపాపం తలా పిడికెడు. అంతకంటే దారుణం, డ్రైవర్ ఎవరన్నది తగాదా అయితే బీమా కంపెనీ దాన్ని పట్టుకుని ఏళ్ళ తరబడి వాదిస్తుంది. ఆ ఏళ్ళన్నీ ఆ కుటుంబం నెత్తినే.

నడిపింది పద్దెనిమిది నిండని కొడుకైతే తండ్రి మరింత గట్టిగా దాచాలని చూస్తాడు. మోటారు చట్టం 199ఏ సెక్షన్ కింద సంరక్షకుడికి లేదా యజమానికి మూడేళ్ళ వరకు జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, కుర్రాడికి పాతికేళ్ళ వరకు లైసెన్సు రాదు. కఠినమే. కాని తండ్రి తన మీద వేసుకోవాల్సిన బాధ్యతను చట్టం అక్కడ తండ్రి మీదే పెట్టింది. ఆ పిల్లాడి చేత జీవితాంతం అబద్ధం మోయించడం కంటే అది మేలని మా ఉద్దేశం.

మూడోది ప్రాయశ్చిత్తం. ఇది చెప్పడానికి బాధగా ఉంది, ఎందుకంటే ఇక్కడికి వచ్చినవాడి మనసు నిజంగానే కుములుతోంది. సింహాచలం మెట్లెక్కి అప్పన్న హుండీలో వేస్తాడు. ఆషాఢ పౌర్ణమికి ముప్ఫైరెండు కిలోమీటర్ల గిరిప్రదక్షిణ చేసి కాళ్ళు పొక్కించుకుంటాడు. మార్గశిరంలో బురుజుపేట కనకమహాలక్ష్మికి పాలు, పసుపు, కుంకుమ. దేవుడికి చెప్పుకున్నానన్న నెమ్మది కాసేపు ఉంటుంది. ఆ మేస్త్రీ పిల్లల ఫీజు మాత్రం అలాగే ఉంటుంది. కొందరు పేరు చెప్పకుండా ఆ ఇంటికి డబ్బు పంపాలని చూస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఎవరు పంపారో తెలియని కవరు ఆ ఇంట్లో కృతజ్ఞత కలిగించదు, భయం పుట్టిస్తుంది, బంధువుల మధ్య అనుమానాలు రేపుతుంది. రేపు బయటపడితే నోరు మూయించడానికి ఇచ్చినట్టు కనబడుతుంది. పరిహారం లెక్కలోకీ రాదు. బీమాకు మించి ఇవ్వాలనిపిస్తే ట్రిబ్యునల్ ద్వారా, పేరు చెప్పి, పిల్లల పేర ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయించమని అడగొచ్చు.

సరే, వెళ్ళాలని నిశ్చయించుకున్నవాడు ఏం చేయాలి?

ముందు బండిని ముట్టుకోవద్దు. కడగొద్దు, అద్దం అతికించొద్దు, కవరు కప్పి ఉన్నచోటే ఉంచాలి. డాష్‌క్యామ్ ఉంటే మెమరీ కార్డు తీసి భద్రపరచాలి, లేకపోతే పాత దృశ్యాల మీద కొత్తవి ఎక్కి అవి చెరిగిపోతాయి. ఇంటి కెమెరాలో బండి లోపలికి వచ్చిన దృశ్యం కూడా కొద్దిరోజులకే చెరిగిపోతుంది, దాన్ని పక్కన దాచాలి. ఆర్సీ, లైసెన్సు, ప్రమాదం నాటికి అమల్లో ఉన్న పాలసీ, పొల్యూషన్ సర్టిఫికెట్ ఒక ఫైల్లో పెట్టుకోవాలి. తరువాత రెన్యూ చేసిన పాలసీ పట్టుకుని వెళ్ళి తికమకపడేవాళ్ళు చాలామంది.

తరువాత న్యాయవాదిని కలవాలి. ఫీజు ఇచ్చుకోలేకపోతే జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థను అడగొచ్చు, 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెప్తారు. న్యాయవాది ఎదుట ఒక తెల్లకాగితం మీద రాయాలి: తేదీ, సమయం, రోడ్డు, దగ్గర్లోని గుర్తు, ఎటు నుంచి ఎటు వెళ్తున్నాడు, బండి నంబరు, నడిపినవారు, బండిలో ఇంకెవరున్నారు, పాలసీ నంబరు. అంతే. ‘అకస్మాత్తుగా అడ్డొచ్చాడు’ అని చనిపోయినవాడి మీద నేరం తోసే వాక్యం అందులో వద్దు. నిజమైతే కోర్టులో చెప్పుకోవచ్చు. ప్రమాదం జరిగిన పరిధిలోని స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకోవాలి. అదే సమాచారం బీమా కంపెనీకి రాతపూర్వకంగా పంపడం కూడా 134వ సెక్షన్ కింద అతని బాధ్యతే.

ఆ రోజు స్టేషన్‌లో ఏం జరుగుతుందో తెలిస్తే సగం గుబులు తగ్గుతుంది. ప్రశ్నలు అడుగుతారు. బండి స్వాధీనం చేసుకుని బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు చూపిస్తారు. బ్రేకు పనిచేస్తోందా, టైర్ల పరిస్థితి ఏమిటి, దెబ్బలు ఎక్కడున్నాయి అని ఆయన రిపోర్టు రాస్తాడు. ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టు తప్పనిసరి కాదని, ముందు నోటీసు ఇవ్వాలని 2014లో అర్నేష్ కుమార్ కేసు చెప్పింది, ఇప్పుడు అది సురక్షా సంహిత 35వ సెక్షన్‌లో ఉంది. ఇద్దరు జామీనుదారులను ముందే అనుకుని ఉంటే ఆ సాయంత్రానికి ఇంటికి రావడం మామూలే. బండిని తరువాత కోర్టులో పిటిషన్ వేసి విడిపించుకోవచ్చు.

గడువుల సంగతి మరిచిపోకూడదు. ప్రమాదం తెలిసిన 48 గంటల్లో దర్యాప్తు అధికారి తొలి ప్రమాద నివేదిక, 90 రోజుల్లో సమగ్ర నివేదిక ట్రిబ్యునల్‌కు పంపాలి. డ్రైవర్, యజమాని తమ వివరాల ఫారాలు 30 రోజుల్లో ఇవ్వాలి. కుటుంబం క్లెయిమ్ వేయడానికి చట్టం పెట్టిన గడువు ఆరు నెలలు. గడువు దాటినవాటిపై కోర్టుల్లో వాదనలు నడుస్తున్నాయి గాని, ఆ వాదనల భారం ఆ కుటుంబం మీద ఎందుకు పడాలి? ఇప్పటికే 2 లక్షలు తీసుకుని ఉన్నా, ఆ మొత్తం తిరిగి ఇచ్చే షరతు మీద పూర్తి పరిహారానికి వెళ్ళొచ్చు. అందువల్ల మూడు నెలలు దాటింది, ఇంకేం లాభం అనుకోవద్దు. ఇటు అతని వైపు చూస్తే, ఐదేళ్ళ శిక్ష ఉన్న నేరానికి కాలపరిమితి అడ్డురాదు. ఎన్నేళ్ళకు బయటపడినా కేసు కేసే.

కోర్టులో తప్పు ఒప్పుకోదలచినవాడికి ప్లీ బార్గెయినింగ్ ఉంది, అంటే నేరం ఒప్పుకుని తక్కువ శిక్షకు కుదుర్చుకునే పద్ధతి. అభియోగాలు మోపిన 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి. చనిపోయింది మహిళ గాని, పిల్లలు గాని అయితే ఈ దారి లేదు. మొదటిసారి నేరం చేసినవాడికి గరిష్ఠ శిక్షలో ఆరో వంతు, అంటే ఐదేళ్ళకు పది నెలలు వేసే వీలుంది. కాని అందుకు బాధిత కుటుంబంతో ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలి. నలుగురిలో తల ఎత్తుకోవడం గురించి అన్నాళ్ళు భయపడినవాడికి, ఆ తల్లి ముందు తల ఎత్తగలగడమే అసలు కష్టమని అక్కడ తెలుస్తుంది. ఆమె తిట్టొచ్చు, ఏడవొచ్చు, ఒక్క మాటా అనకుండా లేచిపోవచ్చు. క్షమించమని అడిగే హక్కు అతనికుంది, క్షమించాల్సిన బాధ్యత ఆమెకు లేదు.

చివరగా సంపాదకులకు ఒక విన్నపం. ‘గుర్తుతెలియని వాహనం’ వార్త వేసిన ప్రతిసారీ కింద రెండు ముక్కలు చేర్చండి. ఒకటి ఆ కుటుంబానికి: ఆ 2 లక్షల పరిహారం కోసం ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ నకళ్ళతో ఆర్డీవో ఆఫీసులో మొదటి ఫారం, నాలుగో ఫారం ఇవ్వండి, ఆర్డీవో నెలలో నివేదిక పంపాలి, కలెక్టర్ ఆపై 15 రోజుల్లో మంజూరు చేయాలి, డబ్బు నేరుగా ఖాతాలో పడుతుంది. రెండోది నడిపినవాడికి: ఇంకా ఆలస్యం కాలేదు, బండి కడగకండి, పాలసీ కాగితం తీసుకుని వెళ్ళండి.

ఇట్లు,
మోటారు ప్రమాద కేసుల న్యాయవాదులు కొందరు,
విశాఖపట్నం